ఒకే బంతిలో కూర్చున్నవారము
(పూర్వపు బోర్డింగు విద్యార్థుల కూడికలో, సిద్దిపేటలో చేసిన ప్రసంగము)



బోర్డింగు జీవితమును గూర్చి నాలుగు మాటలు చెప్పమని కోరినారు. మేము సిద్దిపేట చుట్టుపట్ల పల్లెలనుండి రేకుపెట్టె, బొంత నెత్తిన పెట్టుకొని మిషను బోర్డింగుకు వచ్చినవారము. అప్పటికి సిద్దిపేట మెదకు జిల్లాలోనిదే. వేరు జిల్లా అయినది 2016లో. చదువు మీది ప్రేమతో వచ్చితిమని చెప్పుకొనుట అందముగా నుండును గాని, అది నిజము కాదు. రెండు పూటల బువ్వ దొరుకునని మా తండ్రులు పంపిరి. ఇందులో సిగ్గుపడవలసినది లేదు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదకు మహాదేవాలయమును చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు కట్టించినప్పుడు కూడ, కరవుతో ఆకలిగొన్నవారు అక్కడ పని చేసి కడుపు నింపుకొనిరి.

మొదటి వారమంతయు ఏడ్చితిమి. కందిలి ఆర్పిన తరువాత ఒకడు మొదలుపెట్టిన చాలు, వరుస చివరివరకు ఏడ్పు సాగెడిది. తెల్లవారి గంటకు లేచి, చేదబావిలో నీళ్లు తోడి, వాకిలి ఊడ్చి ప్రార్థనకు కూర్చుండెడివారము. ఇంటివద్ద చీపురు పట్టని మగపిల్లలము అక్కడ ఊడ్చుట, పళ్లెములు తోముట నేర్చితిమి. ఆ విద్య ఇప్పుడు ఎంత మిగిలినదో మా ఇల్లాండ్రనే అడుగవలెను.

అన్నిటికంటె కష్టమైనది బంతిలో కూర్చుండుట. మాలవాడ పిల్లలు కొందరు, మాదిగవాడ పిల్లలు కొందరు. ఊరివారు ఇరువురిని దూరముగా నుంచిరి. మేము ఒకరినొకరము దూరముగా నుంచుకొంటిమి. ఒకే కీర్తన పాడి, పళ్లెము దగ్గరకు వచ్చుసరికి జరిగి కూర్చుండెడివారము.

ఒకమారు కొట్టుగదిలో బెల్లము పోయినది. తీసినది మా వాడవారే. మేము ఏ వాడవారమో ఇక్కడ చెప్పము. చెప్పినచో ఆ తెగులే మరల తలెత్తును. దెబ్బలు తిన్నది అవతలి వాడ చిన్నవాడు. మాకందరికి తెలిసియు నోరు మెదపలేదు. వాడు ఆ పూట మా ఎదుటనే కూర్చుండి గటక ముట్టలేదు. మూడవ దినమున మాలో ఒకడు ఓర్వలేక వార్డెను గారి వద్దకు పోయి నిజము చెప్పెను. తక్కినవారము వాని వెనుక పోయి నిలిచితిమి. వారము దినములు బోర్డింగుకంతటికి నీళ్లు తోడు శిక్ష పడినది. ఆ చిన్నవాడు మమ్మును క్షమించెనని చెప్పలేము. కాని ఒక సాయంకాలము వచ్చి, మా చేతిలోని తాడు అందుకొని, మాట లేకుండ రెండు బొక్కెనలు తోడిపోయెను. ఆ రాత్రి బంతిలో ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండిరో ఎవరును చూడలేదు.

పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా నున్నప్పుడు 1971లో సర్వేలులో గురుకులము మొదలైనది. తరువాత అటువంటివి అనేకములు వచ్చినవి. మన మనుమలలో చాలమంది వాటిలోనే చదువుచున్నారు. సంతోషమే. కాని సంబంధము మాట వచ్చినప్పుడు “ఏ వాడవారు?” అని మెల్లగా అడుగువారు ఈ సభలో లేరా? మేమును అడిగినవారమే. నిరుడు మా యింటి పిల్లవానికి సంబంధము చూచుచు ఆ మాట అనగా, ఆనాటి చిన్నవాడు, ఇప్పుడు తల నెరసినవాడు, ప్రక్కనే కూర్చుండియుండెను. మా వైపు తిరిగి, “బెల్లము జ్ఞాపకమున్నదా, అన్నా?” అని అడిగెను.