సాగదీసిన టైరు

పొందూరు పేరు చెప్పగానే శ్రోతలకు సన్నని ఖద్దరు జ్ఞాపకం వస్తుంది. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, రాట్నంపై నూరవ నంబరు నూలు తీసే చేతులు ఆ ఊరివి. నూరవ నంబరు నూలు ఒక్క పౌను తూకానికి 84,000 గజాల పొడవుంటుంది. అనగా ఇంచుమించు 48 మైళ్ళు. అంతటి దారం తీసే చేతికి ఒక సంగతి బాగా తెలుసు. పత్తిని సాగదీస్తేనే దారమవుతుంది. హద్దు మీరి సాగదీస్తే తెగుతుంది. నేను నేడు మనవి చేయబోయేది నూలును గురించి కాదు, మోటారు కార్ల టైర్లను గురించి. అయినా ఆ హద్దు మాట ఇక్కడ కూడ వర్తిస్తుంది.

కొంతకాలం క్రిందట సంక్రాంతి పండుగకు మా మేనల్లుడు తల్లిని వెంటబెట్టుకొని విశాఖపట్నం నుండి పొందూరు వచ్చాడు. కారును కొత్తగా ముస్తాబు చేయించాడు. అది నేలకు బాగా దిగి ఉన్నది. చక్రాలు వెడల్పైనవి, వాటి మీది టైర్లు మాత్రం ఇరుకైనవి. టైరు పక్కభాగం నిటారుగా నిలువక, లాగి కట్టిన గుడారపు గుడ్డ వలె ఏటవాలుగా ఉన్నది. ఒకప్పుడు బండిచక్రాలు చేసిన వృద్ధుడొకరు మా వీధిలో ఉన్నారు. ఆయన దానిని చాలాసేపు పరికించి, "బావూ, ఇంత చక్రానికి తగిన టైరు దొరకలేదా?" అని అడిగాడు.

"దొరకక కాదు తాతా, కావాలనే ఇట్లా వేయించాను" అన్నాడు మావాడు.

"మేమూ పట్టాను చిన్నదిగానే చేసేవాళ్ళం. కాని ఎందుకు చేసేవాళ్ళమో మాకు తెలుసు" అన్నాడాయన.

ఆ మాటలోని అర్థం గ్రహించదగినది. ఎడ్లబండి చక్రానికి నడుమ కుండ, కుండలో దిగిన ఆకులు, ఆకుల చివర వంపు చెక్కలు ఉంటవి. వీటన్నిటిని బిగించి పట్టేది చుట్టూ ఉన్న ఇనుప పట్టా. పట్టా చుట్టుకొలతను చక్రం చుట్టుకొలత కంటె కొద్దిగా తక్కువ ఉంచుతారు. అయిదడుగుల వ్యాసం గల పట్టాను 500 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడిచేస్తే, దాని చుట్టుకొలత సుమారు ఒక అంగుళం పెరుగుతుంది. అప్పుడు చక్రానికి తొడిగి నీళ్ళు పోస్తే, పట్టా ముడుచుకొని కీలుకీలునూ బిగిస్తుంది. ఇక్కడ లాగుడే చక్రానికి బలం.

రబ్బరు టైరు ధర్మం వేరు. 1888లో బెల్‌ఫాస్టు నగరంలో జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రాల సైకిలుకు గాలి టైరు అమర్చాడు. నాటి నుండి నేటి వరకు టైరులో బరువు మోసేది ముఖ్యంగా గాలియే. నేటి ట్యూబులేని టైరు అంచులలో ఉక్కుతీగల కట్టు ఉంటుంది. లోపలి గాలి ఆ అంచును రిమ్ము గోడకు అదిమిపెడుతుంది. పక్కభాగం కొంచెం ఉబ్బి, వంగుతూ లేస్తూ దారిలోని కుదుపులను మింగుతుంది.

టైరు మీద 205/55 ఆర్ 16 అని ఉన్నదనుకుందాం. 205 అనగా టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. సుమారు ఎనిమిది అంగుళాలు. ఆ వెడల్పులో నూటికి 55 వంతులు పక్కభాగపు ఎత్తు. 16 అంగుళాలు రిమ్ము వ్యాసం. ఈ టైరుకు అయిదున్నర మొదలు ఏడున్నర అంగుళాల వరకు వెడల్పున్న రిమ్ము తగినదని కొలతల పట్టికలు చెపుతున్నవి. ముస్తాబు ప్రియులు దీనినే తొమ్మిదంగుళాల రిమ్ముకు ఎక్కిస్తారు. అనగా టైరు కంటె రిమ్మే వెడల్పు! జర్మనీ, జపాను దేశాల కారు ప్రియులలో బాగా వ్యాపించిన ఈ అలవాటు మన పట్టణాల యువకులకు కూడ అబ్బింది.

వారి వాదంలో కొంత నిజం లేకపోలేదు. పక్కభాగం బిగిసినందువల్ల స్టీరింగు తిప్పగానే కారు త్వరగా మలుగుతుంది. కారును క్రిందికి దించినా టైరు మడ్‌గార్డుకు రాచుకోదు. అయితే దీనికి చెల్లించవలసిన మూల్యం ఎక్కువ. అంచు రిమ్ముపై నిండుగా కూర్చోదు. గాలి కొంత తగ్గి ఉండగా, వేగంగా మలుపు తిరిగితే, అంచు ఊడి ఒక్క క్షణంలో గాలి అంతా పోవచ్చును. ఉబ్బిన పక్కభాగం లేనందున గోతిలోని దెబ్బ తిన్నగా రిమ్ముకే తగులుతుంది. టైరుపై 91 అనే బరువు సంఖ్య ఉంటే 615 కిలోలు మోయగలదని అర్థం. కాని ఆ హామీ తగిన రిమ్ముపై, తగిన గాలితో ఉన్నప్పటిది. ఇక ఎక్కించే పద్ధతి మరీ ప్రమాదకరం. అంచు రిమ్మును అందుకొనకపోతే, కొందరు మండే వాయువును లోపల చిమ్మి నిప్పంటిస్తారు. ఆ పేలుడుతో టైరు కూర్చోవచ్చును. పక్కనున్నవాని చేయో, కన్నో పోవనూ వచ్చును.

చట్టం కూడ ఉన్నది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను వాహనాలలో మార్పులను కట్టడి చేస్తున్నది. తయారీదారు నిర్ణయించిన లక్షణాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీం కోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది.

పండుగ వెళ్ళిన తరువాత, మా అక్కను ఆ కారులో పంపడానికి నాకు మనసొప్పలేదు. పొందూరు స్టేషనులో ఆమెను రైలెక్కించాను. మేనల్లుడు నొచ్చుకొన్నాడు, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పది రోజులకు కాబోలు, "మావయ్యా, పాత చక్రాలు మళ్ళీ వేయించాను. అమ్మకు నువ్వే చెప్పు" అని ఫోను చేశాడు. అమ్మకు చెప్పాను. చక్రాలు చేసిన వృద్ధునికి కూడ చెప్పాను. ఆయన తల పంకించి ఊరుకున్నాడు.

మీ ఇంట కూడ ఇట్లాంటి ముచ్చట పడే యువకులుంటే, కోపపడవద్దు. టైరు మీది అంకెలను, రిమ్ము వెడల్పును వారి చేతనే చదివించండి. ఆ రెండు కొలతలు ఒకదానికొకటి ఒప్పుతున్నవో లేదో, టైర్ల దుకాణంలో పట్టిక తెరిపించి చూడమనండి. ఒప్పకపోతే, ఆ కారులో ఎవరిని కూర్చోబెట్టుకొని ప్రయాణం చేస్తారో ఒక్కసారి అడగండి.