కుందేటి ఒడ్డున: నంద్యాల, ఆళ్లగడ్డ సీమలు



నేను ముప్పదియైదు సంవత్సరములు బడిపంతులుగా నుండి విశ్రాంతి గైకొన్నవాఁడను. భూగోళపాఠమునాఁడు ఇటలీదేశపు పటమును గోడకుఁ దగిలించి, ఇది జెనోవా రేవు, ఇది సముద్రపుటొడ్డు నేపిల్సు పట్టణము, దాని ప్రక్కనున్నది వెసూవియసు కొండ, క్రీస్తుశకము 79వ సంవత్సరమున ఈ కొండయే నిప్పులు గ్రక్కి పాంపేయి నగరమును బూడిదలోఁ బూడ్చినది అని బెత్తముతోఁ జూపుచుండెడివాఁడను. పిల్లలు నోరు తెఱచి వినెడివారు. నాకును గర్వముగా నుండెడిది. ఒకనాఁడు కడపటి బల్లమీఁది రైతుబిడ్డ యొకఁడు లేచి, "అయివారూ, మన కుందూ యాడ పుట్టేది?" అని యడిగెను. "పాఠము నడుమ ప్రశ్నలేమిరా, కూర్చుండు" అంటిని. వాఁడు కూర్చుండెను. తప్పు వానిది కాదు, నాకే తెలియదు. సముద్రముల కావలి పట్టణములకు త్రోవ చూపఁగలిగిన నాకు, దినదినమును దాఁటుచుండిన యేటి పుట్టుక తెలియకపోయెను.

ఆ బాలునకు ఈయవలసిన బదులును నేఁడు ఈ రేడియో మూలమున నిచ్చుచున్నాను. వాఁడిప్పుడు ఎక్కడనో సేద్యము చేసికొనుచుండును; వినుచుండిన సంతోషము.

కుందేఱు ఎఱ్ఱమలలోఁ బుట్టినది. పురాణజ్ఞులు దానిని కుముద్వతి యందురు. నంద్యాలను ఆనుకొని దక్షిణమునకుఁ బాఱి, కోవెలకుంట్ల ప్రాంతమును దాఁటి, కడప జిల్లాలోఁ గమలాపురము చేరువను పెన్నలోఁ గలియును. మన సీమకుఁ బడమట ఎఱ్ఱమల, తూర్పున నల్లమల. ఆ రెండు గోడల నడుమ నున్న నల్లరేగడి తొట్టియే మన నేల. అడుగున సున్నపుఱాయి, నాపఱాయి. పైన జొన్న, కొఱ్ఱ, ప్రత్తి. 2022 ఏప్రిలు 4వ తేదినుండి నంద్యాల ప్రత్యేకముగా జిల్లాయైనది, ఆళ్లగడ్డయు దానిలోనిదే.

ఈ తొట్టికి నీరు రెండు విధముల వచ్చును. ఒకటి మనుష్యుఁడు తెచ్చినది. తుంగభద్రపై సుంకేసుల యొద్ద ఆనకట్ట కట్టి మదరాసు ఇరిగేషన్ కంపెనీవారు 1863 మొదలు 1870 వఱకు త్రవ్వించిన కర్నూలు-కడప కాలువ. నీరు పాఱించుటకే కాక పడవలు నడుపుటకును వారు దానిని ఉద్దేశించిరి. త్రవ్వించిన వారికి లాభము రాలేదు. 1882లో దొరతనమువారు కొనిరి. లాభము మన వరిమళ్లకు వచ్చినది. ఆ త్రవ్వకము సాగుచుండిన కాలముననే, 1866లో, గొప్ప కఱవు వచ్చెను. ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డిగారు ఆ కఱవున వేలమందికి అన్నము పెట్టించిరి. అంతకు ఇరువది సంవత్సరములకు ముందు, 1846లో, కోవెలకుంట్ల ఖజానాపైఁ బడి, 1847 ఫిబ్రవరి 22వ తేదిన ఉరితీయఁబడిన నరసింహారెడ్డిగారిది కూడ ఆ యూరే. కుందేటి గట్టున నున్న చిన్న గ్రామమునకు ఇది తక్కువ కీర్తి కాదు.

రెండవ నీరు నల్లమల యిచ్చునది. దానిని చూడవలెనన్న నవనందుల త్రోవను పోవలెను. ప్రథమనంది, నాగనంది, సోమనంది పట్టణములోనే యున్నవి. పట్టణము విడిచిన పిమ్మట సూర్యనంది, శివనంది, కృష్ణనంది. చివరకు మహానంది యొద్దనే గరుడనంది, వినాయకనంది. కార్తికమాసమున భక్తులు ఈ తొమ్మిదింటిని ఒక్క దినమున దర్శింతురు. నంద్యాలకు ఆ పేరు నందులవలన వచ్చిన దనుట మీ రెఱిఁగినదే. మీ మనుమలను తొమ్మిది పేర్లును అడిగి చూడుఁడు. నా మనుమఁడు నాలుగు చెప్పి ఆగిపోయెను. నేనును వానికి గురువునే గదా!

మహానంది నంద్యాలకు సుమారు 15 కిలోమీటర్లు. గర్భగుడి శిఖరము మన దక్షిణపు గోపురముల వంటిది కాదు. బాదామి చాళుక్యుల కాలపు ఉత్తరదేశపు పోకడ. ఆవు పుట్టపైఁ బాలు కురిసిన కథయు, లింగముపై గిట్టజాడయు పెద్దలకు నేను చెప్పఁబనిలేదు. నే నచ్చట గంటలకొలఁది చూచునది నీరు. లింగము క్రిందినుండి ఊట పుట్టి, కోనేటిలోనికి వచ్చును. లోఁతు సుమారు ఐదడుగులు. అడుగున పడిన కాసుపై ముద్ర కనఁబడునంత తేట. చలికాలమున గోరువెచ్చన, వేసవిలోఁ జల్లన. ఆ నీరు గుడి గోడ దాఁటిన తోడనే తీర్థమగుట మాని కాలువ యగును. అరఁటితోఁటలకును వరికిని, సుమారు 2,000 ఎకరములకుఁ బాఱును. ఉదయము అభిషేకము చేసిన నీటితోనే మధ్యాహ్నము రైతు మడి తడుపుకొనును. ఇటువంటి పొత్తు నేను మఱియొకచోటఁ జూచి యెఱుఁగను.

అయిన ఆ నీటికిఁ గోపమును గలదు. 2019 సెప్టెంబరులో నల్లమలపైఁ గుండపోతగా వాన కురిసి, వఱదనీరు ఆలయ ప్రాంగణములోనికిఁ జొచ్చెను. కుందేఱు పొంగి పొలములను ముంచెను. తేటయైన ఊటకును ఆ బురదకును తల్లి యొక్క నల్లమలయే. చెట్టు వాననీటిని పట్టి మెల్లగా విడిచిన ఊట యగును. చెట్టు లేనిచోట అదియే వఱద యగును. అడవిని వంటచెఱకుగా మాత్రమే చూచువారు దీని నాలోచింపవలెను.

నంద్యాలను విడుచుటకు ముందు ఒక్కమాట. పదునాఱవ శతాబ్దమున ఆరవీటివంశపు శాఖకుఁ జెందిన ప్రభువు లిచ్చట నేలిరి. వారిలోఁ గృష్ణమరాజునకు పింగళి సూరన తన కళాపూర్ణోదయమును అంకితమిచ్చెను. పురాణకథను త్రిప్పి చెప్పక, కథను తానే కల్పించి, ముడిలో ముడి వేసిన ప్రబంధమది. మూఁడవమాఱు చదివినప్పుడుగాని నాకు ఆ ముడులు విడలేదు. నంద్యాల వీథులలో ఆ కవిపేరు వినఁబడుట అరుదు.

అక్కడనుండి దక్షిణముగా సుమారు 40 కిలోమీటర్లు పోయిన ఆళ్లగడ్డ. ఊరు చేరుచుండఁగనే ఉలిచప్పుడు వినవచ్చును. నల్లఱాతిని దేవతామూర్తిగా మలచు శిల్పులకు ఆ యూరు పెట్టినది పేరు. అచ్చటినుండి సుమారు 25 కిలోమీటర్లు నల్లమల వైపు పోయిన దిగువ అహోబిలము. అడవిలో ఎగువ అహోబిలము. తిరుమంగై ఆళ్వారు పాడినది, ఎఱ్ఱాప్రెగ్గడ తన నృసింహపురాణమున వర్ణించినది ఈ కొండనే. 1515 ప్రాంతమున శ్రీకృష్ణదేవరాయలు ఇచ్చటికి వచ్చి ఆభరణములు సమర్పించినట్లు శాసనము గలదు. 1579లో గోలకొండ సుల్తాను పక్షమువారు క్షేత్రమును పట్టుకొనఁగా, అహోబిలమఠపు జీయరు శ్రీరంగరాయలకు మొఱపెట్టుకొని తిరిగి సాధించిరి.

నేను అఱువదియొకటవ యేట ఎగువ అహోబిలమెక్కితిని. ఒక చెంచు యువకుఁడు త్రోవ చూపెను. జ్వాలానరసింహుని గుహకుఁ బోవు దారిలో భవనాశిని నీరు తలపైఁ జల్లులుగాఁ బడును. ఉగ్రస్తంభమను ఱాతికొన పైకి నేను పోలేకపోతిని. దిగువ నుండియే నమస్కరించితిని. ఆ యువకుఁడు చెప్పిన మాట వినుఁడు: "సామి మా యింటి అల్లుడు." చెంచులక్ష్మిని పెండ్లాడినాఁడు గదా!

ఆ చుట్టఱికమే పార్వేట యుత్సవమునకు మూలము. కనుమనాఁడు స్వామి పల్లకి నెక్కి కొండదిగి, సుమారు నలువది దినములు, ముప్పదికిఁ బైగా గ్రామములు తిరిగి, ఫాల్గుణమున జరుగు తన పెండ్లికి జనులను తానే పిలుచును. రాజులను పిలిపించుకొన్న దేవుఁడు రైతుల గుమ్మములకు తానే నడచి వచ్చును. మీలోఁ జాలమంది యిండ్లముందు ఆ పల్లకి ఆగియుండును. ఆఁడుబిడ్డలు పండుగకు రాకున్నను పార్వేటకు వత్తురు.

పల్లకి తొలుత పోవు గ్రామములలో బాచేపల్లె యొకటి. వచ్చు కనుమనాఁడు అందాఁక పల్లకివెంట నడువ నిశ్చయించితిని. మోకాళ్లు సమ్మతించునో లేదో చూడవలెను.