ఉత్తరం ఎవరి సొత్తు?

ఉత్తరం అందుకున్నవారికి దక్కేది కాగితం. అందులోని మాటల మీద హక్కు రాసినవారిదే. అనుమతి లేకుండా తన ఉత్తరాలు అచ్చువేసిన ఎడ్మండ్ కర్ల్ మీద కవి అలెగ్జాండర్ పోప్ దావా వేసినప్పుడు, 1741లో ఇంగ్లండు న్యాయస్థానం చెప్పింది ఇదే.

మరి ఆ ఉత్తరాలు గ్రంథాలయానికి చేరి, పరిశోధకులకు అందుబాటులోకి వస్తే? అమెరికా నవలాకారుడు జె.డి. శాలింజర్ ఉత్తరాలు అలాగే కొన్ని విశ్వవిద్యాలయాలకు చేరాయి. అక్కడ వాటిని చదివిన ఇయాన్ హామిల్టన్ తాను రాస్తున్న శాలింజర్ జీవితచరిత్రలో వాడుకున్నాడు. శాలింజర్ కోర్టుకెక్కాడు. 1987లో అప్పీలు కోర్టు ఆ పుస్తకాన్ని ఆపింది. ఉన్నదున్నట్టు ఎత్తిరాయడమే కాదు, పదాలు కాస్త మార్చి రాయడం కూడా తప్పేనంది. ఉత్తరాల్లోని విషయాలు చెప్పడానికి మాత్రం అడ్డు లేదు. కాపీరైట్ కాపాడేది మాటల కూర్పును, సమాచారాన్ని కాదు. అందుకే గోప్యతకు అది చాలని కవచం. దావా కోసం శాలింజర్ తన ఉత్తరాలను కాపీరైట్ కార్యాలయంలో నమోదు చేయించాల్సి వచ్చింది. ఆ ప్రతులను అక్కడ ఎవరైనా చూడవచ్చు. ఏకాంతం కోరుకున్న మనిషికి ఇది బాధాకరమైన ఫలితం. ఇలాంటి తీర్పుల తర్వాత, అచ్చుకాని రచన అన్న ఒక్క కారణంతో న్యాయమైన వాడకాన్ని (అనుమతి లేకుండానే కొంత వాడుకునే వెసులుబాటును) కాదనకూడదని 1992లో అమెరికా చట్టాన్ని సవరించారు.

భారత కాపీరైట్ చట్టం ప్రకారం, ప్రజా గ్రంథాలయంలోని అచ్చుకాని రచనను రచయిత మరణించిన 60 ఏళ్ల తర్వాత పరిశోధనకూ ప్రచురణకూ తీసుకోవచ్చు. ఉత్తరంలో పేరు దొర్లిన మూడో మనిషికి మాత్రం కాపీరైట్ అండ లేదు. ఆ మనిషికి ఆధారం గోప్యత హక్కు. దాన్ని సుప్రీంకోర్టు 2017లో ప్రాథమిక హక్కుగా నిర్ధారించింది.