లండను–సిడ్నీ విమానయాత్ర: దూరము, కాలము



గోళముపై లండను నగరమునుండి ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమునకు ఒక నూలుపోగును బిగియబట్టి చూచినచో, అది రష్యా, చైనా దేశముల మీదుగా పోవును. ఆ పోగు సుమారు 10,500 మైళ్లకు సరిపోవును. ఈ దూరము నాడును నేడును ఒక్కటియే. కాలము మాత్రము తగ్గినది. విమానవేగము హెచ్చుటయే ఇందులకు కారణమని పలువురు తలంతురు. అది సగము మాటయే.

1919 లో ఆస్ట్రేలియా ప్రభుత్వము, ఇంగ్లండునుండి 30 దినములలో విమానముపై స్వదేశము చేరు ఆస్ట్రేలియనులకు 10,000 పౌనుల బహుమానము ప్రకటించెను. రాస్ స్మిత్, కీత్ స్మిత్ సోదరులు బెన్నెట్, షియర్స్ అను ఇద్దరు యంత్రనిపుణులతో నవంబరు 12 న బయలుదేరిరి. వారి విమానము పేరు విక్కర్స్ విమీ. కూర్చుండు చోటికి పైకప్పు లేదు. మంచును, వానను మొగముపైననే భరింపవలసి వచ్చెను. పెట్రోలు దొరకు చోట్లను వెదకికొనుచు పోవలెను గనుక నూలుపోగు మార్గము వారికి పనికిరాలేదు. కరాచీ, ఢిల్లీ, అలహాబాదు, కలకత్తా, రంగూనుల మీదుగా సాగిరి. కలకత్తా గుఱ్ఱపుపందెముల మైదానమునుండి లేచునపుడు గ్రద్ద యొకటి పంకాకు తగిలినది. అపాయము తృటిలో తప్పినది. జావాలోని సురబయలో చక్రములు బురదలో కూరుకొనిపోగా, అచ్చటి జనులు వెదురు చాపలు తెచ్చి పరచిరి. ఆ చాపల బాటమీదనే విమానము పైకి లేచినది. వైమానికులకు బిరుదులు వచ్చినవి. చాపలు తెచ్చినవారి పేర్లు ఎవరికిని తెలియవు.

డిసెంబరు 10 న డార్విను చేరిరి. పట్టినది 28 దినములకు కొంచెము తక్కువ. అందు ఆకాశమున గడపినది సుమారు 135 గంటలు, అనగా ఆరు దినములైనను కాదు! తక్కిన కాలమంతయు నేలమీదనే, పెట్రోలు పోయుటకును, యంత్రము సవరించుటకును, తెల్లవారుటకై వేచియుండుటకును చెల్లినది. అదే పందెమున మరి రెండు విమానములు కూలి నలుగురు మరణించిరి. రాస్ స్మిత్, బెన్నెట్‌లును 1922 లో వేరొక విమానమును పరీక్షించుచు ప్రాణములు కోల్పోయిరి.

పిమ్మట తగ్గినవి ముఖ్యముగా మజిలీలు. 1935 లో ప్రయాణికులకు బ్రిస్బేనునుండి లండనుకు పండ్రెండున్నర దినములు పట్టెడిది. 1947 లో క్వాంటాస్ సంస్థవారి కాన్స్టెలేషన్ విమానము సిడ్నీనుండి నాలుగు దినములలో చేరినది. అందును సింగపూరున నొకరాత్రి, కైరోలో నొకరాత్రి బస. ఎక్కడను దిగక పోవలెనన్నచో ఇంధనమంతయు వెంట మోయవలెను. ఆ ఇంధనమును మోయుటకు మరికొంత ఇంధనము కావలెను. కావుననే 1989 లో లండనునుండి ఆగక సిడ్నీకి 20 గంటల 9 నిమిషములలో వచ్చిన విమానము టిక్కెట్టు ప్రయాణికులను ఎక్కించుకొనలేదు. 2018 లో పెర్తునుండి లండనుకు, సుమారు 9,000 మైళ్లు, ఆగని సర్వీసు మొదలైనది. దానికి దాదాపు 17 గంటలు.

స్మిత్ సోదరుల యాత్రకు నూరేండ్లు నిండిన 2019 నవంబరులో, లండనునుండి సిడ్నీకి మరియొక విమానము 19 గంటల 19 నిమిషములలో ఆగక వచ్చినది. అందున్నవారు సుమారు ఏబదిమంది. ఈ మారు ప్రధానముగా పరీక్షించినది యంత్రమును గాదు. విమానము నడుపువారి మెలకువను, ప్రయాణికుల నిద్రను.