తాళమునకు చెవి, బీగమునకు చేయి

(మన సంఘపు మాస సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



నేడు మేము మనవి చేయబోవు విషయము చూచుటకు మిక్కిలి చిన్నది. మన యిండ్లకును, బండ్లకును ప్రతిదినము తాళము వేయుచున్నామా? వేసినచో రెండవ తాళపుచెవి ఎవరివద్ద నున్నది? ఈ రెండే ప్రశ్నలు. మేము మహదేవపురలో ఇనుపసామానుల అంగడి నడుపుకొనువారము గనుక తాళముల సంగతి మాకు కొంత తెలియును. పదవ తరగతితో చదువు ముగించి గల్లాపెట్టె ముందు కూర్చుండిన నాటినుండి మేమమ్మిన తాళములకు లెక్క లేదు. అట్లు మేమమ్మిన తాళమొకటి గత వర్షాకాలమున మమ్ము సిగ్గుపడునట్లు చేసినది. ఆ సంగతి చెప్పుకొనుటకే మీ యెదుట నిలుచుంటిమి.

మా బాల్యమున మహదేవపుర ఒక పల్లె. చుట్టును రాగి చేలు, తోటలు, ప్రక్కనే చెరువు. దూరవాణీనగరమున 1948లో వెలసిన ఐ.టి.ఐ. కర్మాగారమునకు మన మగవారు కొందరు సైకిళ్ళపై పోవుచుండిరి. ప్రొద్దున తెరచిన వీధితలుపు రాత్రి పడకవేళకు గాని మూయబడెడిది కాదు. తాళపుకప్ప యనునది కోలారునకో, చిత్తూరునకో, తిరుపతికో పయనమైన దినముననే అటకపైనుండి దిగెడిది. సైకిలునకు తాళమున్నను దాని చెవి దానికే వ్రేలాడుచుండెడిది.

ఈ సంగతి తలచుకొని మన పెద్దలు “ఆ కాలమున దొంగలు లేరు, మనుష్యులు మంచివారు” అందురు. మేము సవినయముగ వారితో భేదించుచున్నాము. దొంగలు అప్పుడును ఉండిరి. కళ్ళములోని ధాన్యమును, గూటిలోని కోళ్ళను ఎత్తుకొనిపోయిన కథలు మా అవ్వయే చెప్పెడిది. తలుపు తెరచియుంచుటకు కారణము వేరు. ఇల్లు ఎన్నడును ఖాళీగ ఉండెడిది కాదు. తిన్నెపై తాత, వంటయింట అవ్వ, పెరటిలో పెద్దమ్మ, వీధిలో పిల్లలు. క్రొత్తవాడొకడు వీధిలో అడుగిడెనేని నాలుగు తిన్నెలనుండి “ఎవరు నాయనా? ఎవరింటికి?” అని ప్రశ్న వచ్చెడిది. దొంగకు ఆ ప్రశ్నను మించిన తాళము లేదు.

మరియొక మాటయు ఒప్పుకొనవలయును. ఆనాడు ఇంటికి కావలి మన స్త్రీలే. వారు గడప దాటకుండుటచేతనే తలుపు తెరచియుండెను. ఇల్లు విడిచిన చూచువారు లేరని, మా అమ్మ తన సొంత తమ్ముని పెండ్లికి ముహూర్తమువేళకు పోయి ఆ సాయంకాలమే తిరిగివచ్చినది. తెరచిన తలుపునకు వెల చెల్లించినదెవరో మనము మరువరాదు.

ఆ పల్లె నేడు లేదు. 1998లో వైట్‌ఫీల్డువద్ద ఐ.టి. పార్కు వచ్చినది. 2007లో మన పురసభ బృహత్ బెంగుళూరు మహానగర పాలికెలో కలిసిపోయినది. 2023 మార్చిలో కృష్ణరాజపురము నుండి వైట్‌ఫీల్డునకు మెట్రో రైలు నడచినది. తిన్నెలు తీసివేసి ఆ చోట కార్లు నిలుపుకొంటిమి. మన కుమార్తెలును, కోడండ్రును ఉద్యోగములు చేయుచున్నారు. ఇది మనకు గర్వింపదగిన విషయము. అయితే పగలు పది గంటలనుండి సాయంకాలము వరకు వీధి వీధియంతయు ఖాళీ. పై అంతస్తున ఎవరు అద్దెకున్నారో క్రింది వారికి తెలియదు. ఇట్టి దినములలో తాళము వేయకపోవుటను మంచితనమని చెప్పుకొనరాదు, అది అజాగ్రత్తయే. 2024 జులై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారము, నేరపు తలంపుతో ఒక తాళమును తెరచి ఇంట ప్రవేశించుట సైతము ఇల్లు పగులగొట్టుటగానే ఎంచబడును. తలుపు విరుగనక్కరలేదు. చట్టమే చిన్న తాళమునకు ఇంత మర్యాద చేయుచుండగా మనము చేయకుండుట తగదు.

అజాగ్రత్త మాటకు వచ్చినప్పుడు మొదటి ముద్దాయిలము మేమే. రెండేండ్ల క్రిందట అంగడి ముందు కారు నిలిపి, ఒక పెట్టె దింపుకొనుటకు లోనికి పోతిమి. “రెండు నిమిషములే గదా” అని తాళము వేయలేదు. వెనుక సీటుపైనున్న సంచి, అందులోని వసూలు సొమ్ము, లెక్కల పుస్తకము పోయినవి. తాళములమ్మువాని కారునకే తాళము లేదని వీధియంతయు నవ్వినది. నవ్వవలసినదే. మా బంధువులొకరు తాళపుచెవిని చెప్పుల అరలో దాచి పోవుచుండిరి. దొంగ దానితోనే తలుపు తీసి, నగలు గైకొని, మరల తాళము వేసి, చెవిని యథాస్థానమున పెట్టి పోయెను. ఇంటివారికి మూడు దినముల వరకు ఆ సంగతియే తెలియదు. చెప్పుల అర, మీటరు పెట్టె, తులసికోట, పూలకుండీ: ఇవి మనకెంత తెలియునో దొంగకును అంతే తెలియును.

తాళము కొన వచ్చువారు “ఎన్ని లీవర్లు?” అని అడుగుదురు. మంచి ప్రశ్నయే. లోపలి లీవర్లన్నియు తగిన ఎత్తునకు లేచిన గాని గడియ కదలదు. కావున లీవర్లు హెచ్చిన కొలది మారుచెవికి లొంగదు. కాని మన వీధులలో దొంగ తాళముతో పోరాడడు, గొళ్ళెమును పెకలించును. వేయి రూపాయల తాళము తెచ్చి, రెండు చిన్న మరలతో బిగించిన గొళ్ళెమునకు తగిలించుటవలన ఫలము లేదు. తలుపునకు ఈవలినుండి ఆవలికి పోవునట్టి బోల్టు వేసి లోపల నట్టు బిగింపవలయును. ఇది వ్యాపారము కొరకు చెప్పు మాట కాదు; ఆ బోల్టు ఖరీదు అత్యల్పము.

ఇక అసలు సంగతి. మా వీధిలో ఒక తెలుగువారి యింట డెబ్బది దాటిన పెద్దమ్మగారు పగటివేళ ఒంటరిగ నుందురు. కుమారుడును, కోడలును ఉద్యోగములకు పోవుదురు. దొంగల భయముచేత వారు మా అంగడిలోనే మంచి తాళమొకటి కొని అమర్చుకొనిరి. తలుపు లాగినంతనే పడునట్టిది. “దీనిని ఎవరును తెరువలేరు” అని పొగడి అమ్మినది మేమే. గత వర్షాకాలమున ఒకనాడు పదునొకండు గంటలవేళ ఆమె స్నానపు గదిలో కాలు జారి పడిరి. ప్రక్కింటి కన్నడ అక్కగారు గోడగుండ మూలుగు విని పరుగెత్తి వచ్చిరి. తలుపు తెరుచుకొనదు. తాళమునకు మూడు చెవులుండెను: ఒకటి కుమారుని జేబులో, ఒకటి కోడలి సంచిలో, మూడవది లోపల దేవుని గూటిలో. కుమారునికి ఫోను చేయగా, వాహనముల రద్దీలో ముప్పావు గంటకు తక్కువ పట్టదనెను.

అప్పుడు మమ్ము పిలిచిరి. మేమమ్మిన తాళముతో మేమే నలువది నిమిషములు పెనుగులాడితిమి. ఆ నలువది నిమిషములు ఆమె తడినేలపై పడియుండి మా సుత్తిచప్పుడు వినుచుండిరి. తుదకు తలుపు పగిలినది. తుంటి ఎముక విరిగినను ప్రాణము దక్కినది; నేడు కఱ్ఱసాయమున నడచుచున్నారు. ఆసుపత్రికి పోవు బండి కదలునపుడు ఆ కన్నడ అక్కగారు కన్నీరు తుడుచుకొనుచు “బీగద కై నన్న హత్తిర ఇద్దిద్దరె!” అనిరి. ఆ చెవి తన దగ్గర ఉండియుండిన అని. గోడ ప్రక్కన పదునాలుగేండ్లుగా నున్న మనిషి. ఆ మాట మాకు ఇంకను చెవిలో మ్రోగుచున్నది. తాళము దొంగను ఎంత బాగుగ ఆపునో, ఆదుకొన వచ్చినవారిని గూడ అంత బాగుగనే ఆపును.

లోకమున తాళములేని ఊళ్ళు లేకపోలేదు. మహారాష్ట్రమున, పూర్వము అహ్మద్‌నగర్ అని పిలువబడిన అహల్యానగర్ జిల్లాలో, శనిశింగణాపురమున ఇండ్లకు తలుపులే ఉండవని ప్రసిద్ధి. శనిదేవుడే కావలియని వారి నమ్మకము. 2011లో యూకో బ్యాంకువారు అచ్చట శాఖ తెరచినపుడు ఊరి ఆచారమును మన్నించి, కంటికి కనబడు తాళము లేని అద్దపు తలుపు పెట్టిరి. అయినను అచ్చటను అప్పుడప్పుడు దొంగతనములు జరిగినట్లు పత్రికలలో వచ్చినది. కెనడా దేశమున హడ్సన్ అఖాతపు ఒడ్డున చర్చిల్ అను చిన్న ఊరు గలదు. ధ్రువపు ఎలుగుబంట్లు ఆ వీధులకు వచ్చును. ఎలుగుబంటి ఎదురైనవాడు దగ్గరనున్న కారులోనో, ఇంటిలోనో దూరి ప్రాణము దక్కించుకొనుటకై అచ్చటివారు అనేకులు తాళము వేయకుండ విడిచియుంతురు. ఒక ఊరిలో నమ్మకము, ఒక ఊరిలో అందరికి ఒక్కటైన ఆపద. తలుపు తెరచియుండుటకు ఏదో ఒక కట్టుబాటు వెనుక నుండవలయును. మన వీధులకు అట్టి కట్టుబాటు ఏది? మేమాలోచించిన మేరకు మూడు మాటలు మనవి చేయుదుము.

మొదటిది: తాళము తప్పక వేయుదము. రెండు నిమిషముల పనికైనను కారునకు వేయుదము. ఇంటికి గొళ్ళెము గట్టిగ నున్నదో లేదో చూచుకొందము. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగిన చందము కారాదు.

రెండవది: ప్రతి కుటుంబమును రెండవ తాళపుచెవిని నడచి రెండు నిమిషములలో రాగల ఒక పొరుగింట ఉంచవలయును. ఆ పొరుగువారు తెలుగువారే కావలయునను నియమము వలదు. మన సంఘసభ్యుడు మూడు మైళ్ళ దూరమున నుండి ఏమి లాభము? పెద్దలు ఒంటరిగ నుండు ఇండ్లలో పగటివేళ లోపలి గడియ వేయరాదు, స్నానపు గదికి సైతము. అట్లు వేసిన బయటి చెవి పనికిరాదు. ఏ యింటి చెవి ఏ యింట నున్నదో సంఘపు పుస్తకమున వ్రాయుదమని ఒకరు సూచించిరి. వలదని మా మనవి. అట్టి పుస్తకమే దొంగకు తాళపుచెవి యగును.

మూడవది: సంక్రాంతికో, తిరునాళ్ళకో ఊరికి పోవునపుడు పాలు, పత్రిక నిలిపి, పొరుగువారికిని, ఠాణాకును చెప్పి పోవుదము. ఆంధ్రప్రదేశ్ పోలీసువారు, ఊరికి పోవువారు కోరినచో, తాళమువేసిన ఇంట కెమెరా అమర్చి కనిపెట్టు ఏర్పాటు చేసిరి. కెమెరా యున్నను లేకున్నను, “ఎవరు నాయనా, ఎవరింటికి?” అని అడుగు మనిషి యొకడు వీధిలో నుండవలయును. అనుమానము తోచినప్పుడు 112కు ఫోను చేయుటకు సంకోచింపరాదు.

“చెవి యిచ్చిన తరువాత ఏదేని పోయినచో పొరుగువారిపై అనుమానము కలుగదా? స్నేహము చెడదా?” అని మా యింటనే మమ్మడిగిరి. న్యాయమైన శంక. దానికి మా సమాధానమిది: వీధితలుపు చెవి పొరుగువారివద్ద, బీరువా చెవి మనవద్ద. విలువైన నగలు బ్యాంకు లాకరులో. అటుపై అనుమానమునకు తావు స్వల్పము. ఆ స్వల్పమునకు వెరచి మన పెద్దలను తడినేలపై నలువది నిమిషములు విడువజాలము.

చివరగా ఒక మాట. మనము తెలుగున తాళపుచెవి అందుము. కన్నడిగులు బీగద కై, అనగా బీగపు చేయి, అందురు. చిత్తూరు వైపునుండి వచ్చిన మన పెద్దలకు బీగమను మాట పరాయిది కాదు. ఇన్ని తరములుగా ఈ నేలపై బ్రదుకుచున్న మనకు చెవియు కావలయును, చేయియు కావలయును. గోడకావల మూలుగు విన్నది కన్నడ అక్కగారి చెవియే. తలుపు తీయు చేయి మాత్రము మనము ఆమెకు ఈయలేదు.

ఇరువదియేండ్లుగా ఊరికెల్ల తాళములమ్మిన మేము మా రెండవ చెవిని ఎవరికిని ఇచ్చియుండలేదు. గత మాసమున మా ప్రక్కింటి కన్నడ కుటుంబమునకు ఇచ్చితిమి. మరునాడు ఆ యింటి యిల్లాలు తమ చెవిని తెచ్చి మా దేవుని గూటిలో పెట్టి పోయినది. నేడు సభ ముగిసి ఇండ్లకు పోయిన తరువాత, ప్రతివారును తమ రెండవ తాళపుచెవి ఎచ్చట నున్నదో ఒక్కసారి చూచుకొనవలసినదిగ ప్రార్థించుచున్నాము.