నెలాఖరు జీతం ఎవరిస్తారు?

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్లు నాకిచ్చిన అంశం మనం పెట్టబోయే ఫౌండేషన్ గురించి. పది నిమిషాలే అన్నారు. లెక్కల సారు అప్పుడే గడియారం చూస్తున్నారు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

మా బ్యాచ్ పదో తరగతి రాసేనాటికి ఈ చుట్టుపక్కల గుట్టలూ బండలూ సీతాఫలం చెట్లూ తప్ప ఏమీ లేవు. 1998 నవంబర్ 22న వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఆ గుండ్రటి మేడను చూసి మా నాయన, "దీంట్ల ఎవరు కూసుంటర్రా?" అన్నాడు. కొన్నేళ్లకు నేనే పోయి కూర్చున్నాను. మనలో చాలామంది కథ ఇదే. మరి కొందరి కథ పొలం అమ్ముకున్న కథ. అది చెప్పాలంటే ఈ సభ చాలదు.

ఒక మాట దాచకుండా చెప్పుకుందాం. మన పిల్లలెవరూ ఇప్పుడు ఈ బడిలో లేరు. నా పిల్లలూ లేరు. ఇక్కడ చదివేది ఈ టవర్లు కట్టేవాళ్ల పిల్లలు, వాటికి కాపలా కాసేవాళ్ల పిల్లలు, వాటిని ఊడ్చేవాళ్ల పిల్లలు. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు. మనం పెట్టబోయే ఫౌండేషన్ వాళ్ల కోసం. అందుకే దాన్ని ఎలా పెట్టాలన్నది ఆషామాషీగా తేల్చే సంగతి కాదు.

ఐటీలో పనిచేసినవాణ్ని కాబట్టి నాకు ముందుగా గుర్తొచ్చేది బైర్రాజు ఫౌండేషన్. బైర్రాజు సత్యనారాయణ రాజు గారి జ్ఞాపకార్థం ఆయన కుమారులు 2001లో స్థాపించారు. అప్పటికి సత్యం కంప్యూటర్స్ అంటే ఈ నగరంలో పెద్ద పేరు. గోదావరి జిల్లాలతో మొదలుపెట్టి ఆరు జిల్లాల్లో దాదాపు 200 గ్రామాలకు వెళ్లారు. ఊళ్లో ఆరోగ్య కేంద్రం, బడికి సాయం, తాగునీటి ప్లాంటు. పశ్చిమ గోదావరిలో జల్లికాకినాడ లాంటి పల్లెలో కంప్యూటర్లు పెట్టి, డిగ్రీ చదివిన అక్కడి పిల్లలకు అక్కడే బీపీవో ఉద్యోగాలిచ్చారు. నాకు బాగా నచ్చింది ఈ పనే. ఊరు వదలకుండా జీతం తీసుకోవడం అంటే ఏమిటో, ఊరే మాయమైపోయిన మనకు తెలుస్తుంది.

2009 జనవరి 7న సత్యం లెక్కల సంగతి బయటపడింది. ఆ కథ మీ అందరికీ తెలుసు, మన బ్యాచ్‌మేట్లు కొందరు ఆ నెల జీతం వస్తుందో రాదో అని బిక్కుబిక్కుమంటూ గడిపారు. కంపెనీ చేతులు మారింది, 2013లో టెక్ మహీంద్రాలో కలిసిపోయింది. కానీ ఫౌండేషన్‌ను నమ్ముకున్న పల్లెల సంగతి ఎంతమందిమి ఆలోచించాం? దాతల చెయ్యి ఆగేసరికి పనులు కుదించుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న అసలు సంగతి. తాగునీటి ప్లాంట్లు కట్టేటప్పుడు ఊరివాళ్లు కూడా కొంత వాటా వేసుకున్నారు. నీళ్లు ఉచితంగా ఇవ్వలేదు, క్యాను పట్టుకుంటే కొద్దిపాటి ధర. అజమాయిషీ ఊరి కమిటీది. అంటే ఆపరేటర్ జీతం, కరెంటు బిల్లు ఎక్కడి నుంచి రావాలో మొదటిరోజే తేల్చుకున్నారు. మరో ఉదాహరణ 108. రామలింగరాజు గారి కుటుంబం పెట్టిన ఈఎంఆర్ఐ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఆ సేవ మొదలుపెట్టింది. నడిపే ఖర్చులో అధిక భాగం ప్రభుత్వం తలకెత్తుకుంది. 2009లో జీవీకే వాళ్లు బాధ్యత తీసుకున్నారు. పెట్టినవాళ్లు పక్కకు జరిగినా కుయ్ కుయ్ మంటూ బండి వస్తూనే ఉంది. నెలాఖరు ఖర్చు ఒక్క దాత జేబుమీద ఆధారపడలేదు కాబట్టి.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే మన సైబరాబాద్‌లోనే ఉంది. పోలీసులు, ఐటీ కంపెనీలు కలిసి 2006లో పెట్టుకున్న సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్. రాత్రి షిఫ్టు ఆడపిల్లల భద్రతతో, ట్రాఫిక్‌తో మొదలైన పని షీ షటిల్ బస్సుల దాకా పెరిగింది. ఒక్కరిది కాదు, నలుగురిది.

"మనకెందుకయ్యా ఈ చందాల గొడవ, చుట్టూ ఇన్ని కంపెనీలున్నాయి, సీఎస్ఆర్ అడిగితే సరిపోదా" అని పోయిన మీటింగులో ఒకరన్నారు. అడుగుదాం. 2014 ఏప్రిల్ 1 నుంచి చట్టం ఉంది. నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు చేరిన కంపెనీ, గడిచిన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకు ఖర్చు పెట్టాలి. అయితే 2021లో మారిన నిబంధనల ప్రకారం, మనలాంటి సంస్థకు ఆ డబ్బు రావాలంటే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు ఉండాలి, అలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం చూపించాలి. అంటే ఇవాళ పేరు పెట్టి రేపు చెయ్యి చాపడానికి లేదు. మొదటి మూడేళ్లు మన డబ్బే, మన కష్టమే.

పైగా వచ్చిన డబ్బు ఎలా వస్తుందో కూడా నాకు అనుభవమే. ఒక బడికి నేనే మధ్యవర్తిగా ఉండి ఒక కంపెనీతో కంప్యూటర్ గది పెట్టించాను. మార్చి నెలాఖరులో హడావిడిగా వచ్చారు, రిబ్బన్ కట్ చేశారు, ఫొటోలు దిగారు. ఏడాది తర్వాత వెళితే గదికి తాళం. నేర్పే మనిషి లేడు, బ్యాటరీలు ఉబ్బిపోయాయి, ఒక మానిటర్ మీద సుద్ద డబ్బాలు పెట్టుకున్నారు. తప్పు కంపెనీది ఒక్కటే కాదు. ఆ గది నడిపేదెవరని నేనూ అడగలేదు.

అందుకే స్వాగత తోరణం సంగతి. స్వర్ణోత్సవ నిధితో గేటు దగ్గర గ్రానైట్ తోరణం కట్టి దాతల పేర్లు చెక్కించాలన్న ప్రతిపాదన ఉంది. పెట్టినవాళ్లు నా మిత్రులే, కోపం తెచ్చుకోకండి. నేను దానికి ఒప్పుకోను. నిన్న సాయంత్రం ఎనిమిదో తరగతి ఆడపిల్లలను అడిగాను, మీకేం కావాలమ్మా అని. కంప్యూటర్ అడగలేదు. మరుగుదొడ్డి రోజూ కడిగే మనిషి కావాలన్నారు. మధ్యాహ్నం దాకా నీళ్లు తాగకుండా కూర్చుంటామని ఒక పాప చెప్పింది. ఇంట్లో ఒడియా మాట్లాడే ఒక పిల్లవాడికి తెలుగు అక్షరాలు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పే మనిషి లేరు. ఈ రెండూ జీతాలే. తోరణం మీద చెక్కడానికి వీల్లేని ఖర్చులు.

నా ప్రతిపాదన ఇది. స్వర్ణోత్సవ నిధిని ముట్టకుండా బ్యాంకులో వేద్దాం. ఆయమ్మ, తెలుగు నేర్పే ఒక టీచరు, ఈ ఇద్దరి జీతాలు మనలో ప్రతి ఒక్కరం నెలనెలా ఖాతాలోంచి కట్టే చిన్న మొత్తంతో నడుపుదాం. లక్ష ఒకేసారి ఇచ్చే ఒకరికన్నా నెలకు రెండొందలిచ్చే వందమంది నాకు ముద్దు. ఆ లక్ష ఇస్తానన్న మా బ్యాచ్ మిత్రుడు ఇక్కడే ఉన్నాడు, వాడివీ తీసుకుందాం లెండి! ట్రస్టీల్లో సగంమంది ఇప్పుడు చదువుతున్న పిల్లల తల్లిదండ్రులు ఉండాలి. కూలికి పోయే తల్లి మీటింగుకు రాలేదంటారా, ఆమెకు వీలైన పొద్దుకు మీటింగ్ పెట్టుకుందాం.

ఫారాలు భోజనాల దగ్గర బల్ల మీద ఉన్నాయి. మొదటిది నాదే, నింపేశాను. పద్దులు ఏటా తానే చూస్తానని లెక్కల సారు ఒప్పుకున్నారు. ఒక్క రూపాయి తేడా వచ్చినా, ఈ వయసులో కూడా మమ్మల్ని బెంచీ ఎక్కిస్తానన్నారు. సారూ, పది నిమిషాలు దాటింది, క్షమించండి.