జపాను నాచు, మన గంగపాయిలాకు



ప్రతి ఏడూ ఈ సభలో పొదుపు, లింకేజీ, వాయిదాల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి నన్ను తిండి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు.

మొన్న వేసవిలో మా అమ్మాయి ఫోనులో ఒక వంట చూపించి "అమ్మా, ఇది చెయ్యవే" అంది. జపాను వాళ్ళు సముద్రంలో పెరిగే నాచు తింటారు. వకామే అని ఒక రకం, ఎండబెట్టి అమ్ముతారు. ఐదు నిమిషాలు నీళ్ళలో నానబెడితే విచ్చుకుంటుంది. నీళ్ళు పిండేసి సోయా సాసు, వెనిగర్, నువ్వుల నూనె, వేయించిన నువ్వులు కలుపుకుని చల్లగా తింటారు. "నాచు తినడమేందే" అని నవ్వాను. కానీ నవ్వాల్సిన పని లేదు. తమిళనాడు రామనాథపురం వైపు మత్స్యకార మహిళలు సముద్రపు నాచు ఏరుకునే బతుకుతున్నారు. మనం మిఠాయిల్లో వేసే చైనా గ్రాసు కూడా నాచు నుంచి వచ్చిందే.

మన గురజాలకు సముద్రం దూరం. సాగర్ కాలవలో పాచి ఉంది కదా అనుకోవద్దు, అది తినేది కాదు. పిల్లల్ని కూడా ముట్టనివ్వొద్దు. మనకున్నది గంగపాయిలాకు. చేలో కలుపని పీకి గట్టు మీద పారేస్తాం. మందపాటి ఆకు, కాస్త పులుపు, కాస్త జిగురు. ఆ జపాను పద్ధతికి బాగా సరిపోతుంది.

ఇది ఎందుకు పట్టించుకున్నానంటే, రెండేళ్ళ కింద రక్త పరీక్ష చేస్తే నాకు 8 గ్రాములే ఉంది. ఆడవాళ్ళకు 12 ఉండాలి, గర్భిణీలకు 11కు తగ్గకూడదు. సంఘంలో అందరి బాకీలూ లెక్కలు రాసే దాన్ని, నా ఒంట్లో లెక్క చూసుకోలేదు. మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే పని ఎక్కువై అనుకున్నా. నేనొక్కదాన్నే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో నూటికి దాదాపు 59 మంది ఆడవాళ్ళకు రక్తం తక్కువని తేలింది.

డాక్టరమ్మ ఐరన్ మాత్రలు ఇచ్చి, ఆకుకూర తినమన్నారు. ఆకు ఒక్కటే రక్తం పట్టిస్తుందని నేను చెప్పను. మాత్రలు మానొద్దు. ఆకుకూర మీద నిమ్మకాయ పిండితే అందులో ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తినగానే టీ తాగితే సగం వృథా. గంట ఆగి తాగండి.

చేసే పద్ధతి చెబుతాను. లేత ఆకు నాలుగు గుప్పిళ్ళు ఉప్పునీళ్ళలో రెండు మూడు సార్లు కడగాలి, అడుగున ఇసుక దిగుతుంది. మరిగే నీళ్ళలో ఒక్క నిమిషం వేసి, తీసి చన్నీళ్ళలో వేసి, గట్టిగా పిండాలి. రెండు చెంచాల నువ్వులు దోరగా వేయించి కచ్చాపచ్చాగా దంచాలి. అందులో ఒక నిమ్మకాయ రసం, చిటికెడు బెల్లం, కాస్త అల్లం తురుము, ఒక చెంచా నువ్వుల నూనె, ఉప్పు వేసి ఆకుకు పట్టించాలి. కీరదోస ముక్కలు ఉంటే కలపొచ్చు. అయోడిన్ ఉప్పే వాడండి. నాచులో ఉండే అయోడిన్ మన ఆకులో ఉండదు, ఆ లోటు ఉప్పు తీరుస్తుంది.

ఇక జాగ్రత్తలు. మొదటిసారి నేను మిరప చేలో ఒడినిండా కోసుకున్నాక, పక్క చేనామె "అక్కా, మొన్ననే మందు కొట్టారు" అంది. అంతా అక్కడే పారబోశా. మందు కొట్టిన చేలో, రోడ్డు పక్కన, మురుగు కాలవ దగ్గర కొయ్యొద్దు. పెరట్లో నాలుగు కాడలు గుచ్చితే అదే అల్లుకుంటుంది. కాడ తుంచితే పాలు కారితే అది గంగపాయిలాకు కాదు, తినొద్దు. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా తినొద్దు.

నాకిప్పుడు 11 దాటింది. ఇంకా 12 కాలేదు, మాత్రలు వేసుకుంటూనే ఉన్నా.

నేను అడిగేది ఒక్కటే. వచ్చే నెల ప్రతి సంఘం మీటింగులో పొదుపు పుస్తకం పక్కన ఇంకో పుస్తకం పెట్టి, ఎవరికి రక్తం ఎంతుందో రాయండి. వాయిదా తప్పితే ఇంటికెళ్ళి అడుగుతాం కదా. రక్తం తగ్గిన చెల్లి ఇంటికి కూడా అలాగే వెళ్దాం.